జాబితాలో లేని ఎలుక

రాయదుర్గం మెట్రో స్టేషన్ దగ్గరి ఒక టవర్‌లో, ఏడో అంతస్తులో కూర్చుని, శ్రీలత రోజుకు దాదాపు రెండు వేల ఫొటోలు చూస్తుంది. ఫొటోలో కనిపించిన ప్రతిదాని చుట్టూ బాక్సు గీసి, అదేమిటో పేరు పెట్టడం ఆమె ఉద్యోగం. ఆ పేర్లను చూసి కంప్యూటర్ నేర్చుకుంటుంది. జనగామలో డిగ్రీ చదివి వచ్చాక ఈ నాలుగేళ్లలో ఆమె రోడ్ల మీద కార్లకూ ఆటోలకూ, గోదాముల్లో అట్టపెట్టెలకూ, ఒక ఆరు నెలలైతే టమాటా ఆకుల మీది మచ్చలకూ బాక్సులు గీసింది. పోయిన నవంబర్ నుంచి పక్షులు వచ్చాయి.

ఆ పక్షులుండేది హిందూ మహాసముద్రానికి దక్షిణపు అంచున, మనుషుల కాపురం లేని ఒక చలి దీవి. పెట్రెల్ అంటారు వాటిని. మొత్తం ప్రపంచంలో మిగిలినవి కొన్ని వేలు. బతుకంతా సముద్రం మీదే తిరిగి, గుడ్డు పెట్టడానికి మాత్రం నేలకు వస్తాయి. మట్టిలో బొరియ తవ్వుకొని ఒక్కటంటే ఒక్క గుడ్డు పెడతాయి. అది పోతే ఆ ఏడు మళ్లీ పెట్టవు.

వందేళ్ల కింద సీల్ జంతువుల్ని వేటాడే ఓడలు ఆ దీవికి వచ్చినప్పుడు వాటిలోంచి ఎలుకలు దిగాయి. అంతకు ముందు అక్కడ నాలుగు కాళ్ల శత్రువన్నదే లేదు. కాబట్టి ఆ పక్షులకు పారిపోవడం తెలియదు. ఎలుక బొరియలోకి వచ్చి కళ్లెదుటే పిల్లను కొరుకుతున్నా ఏం చేయాలో తోచక కూర్చునే ఉంటాయి. మూడేళ్ల కింద హెలికాప్టర్లతో దీవంతా మందు చల్లి ఎలుకల్ని చంపారు. రెండేళ్లు వెతికినా ఒక్కటీ కనిపించకపోయేసరికి, పోయిన ఏడాది అది ఎలుకల్లేని దీవి అని ప్రకటించారు. ఇప్పుడు బొరియల ముందు కెమెరాలు పెట్టింది పక్షులు మళ్లీ పెరుగుతున్నాయో లేదో చూడటానికే. ఇదంతా మొదటి రోజు శిక్షణలో టీమ్ లీడ్ సందీప్ తెర మీద చూపించి చెప్పాడు. పెట్టవలసిన పేర్లు పదకొండని ఒక జాబితా ఇచ్చాడు. పెద్ద పక్షి, పిల్ల, గుడ్డు, గుడ్డు పెంకు, పెంగ్విన్, సీల్, మనిషి, ఇట్లా. అందులో ఎలుక లేదు.

శ్రీలతకు ఈ పని కార్ల కంటే నచ్చింది. పుప్పాలగూడలోని కిరాయి గదికి వెళ్లాక తల్లి కొమురమ్మకు ఆ రోజు చూసినవి చెప్పేది. కొమురమ్మ అక్కడే ఒక అపార్ట్‌మెంట్‌లో హౌస్‌కీపింగ్ చేస్తుంది. మొదటి రోజు అంతా విని, "ఏడాదికి ఒక్కటే గుడ్డా? గిట్లయితే ఎట్ల బతుకుతయే అవి?" అంది.

జనవరి మూడో వారంలో ఒక మంగళవారం ఇరవై మూడో కెమెరా ఫొటో ఒకటి శ్రీలత ముందుకు వచ్చింది. చీకట్లో తీసిన నలుపు తెలుపు ఫొటో. బొరియ అంచున పిడికెడంత బూడిదరంగు ముద్ద. కంప్యూటర్ తనంతట తాను దానికి 'పిల్ల' అని పేరు పెట్టి పంపింది. అవునంటే ఒక్క నొక్కు, అయిపోతుంది.

శ్రీలత నొక్కలేదు. పిల్ల ఎక్కడిది? ఆ బొరియలో గుడ్డు పెట్టింది డిసెంబర్ రెండో వారంలో. పొదగడానికి దాదాపు అరవై రోజులు పడుతుంది. లెక్క ప్రకారం పిల్ల రావడానికి ఇంకా మూడు వారాలుంది. ఫొటోను పెద్దది చేసి చూసింది. ముద్ద వెనక సన్నగా, వంకరగా ఒక గీత ఉంది. గడ్డిపోచ కావచ్చు. తోక కావచ్చు.

'తెలియదు' అని పేరు పెట్టి, కింద "ఎలుకలా ఉంది, దయచేసి చూడండి" అని రాసింది.

మర్నాటి పొద్దునకు అది తిరిగి వచ్చింది. తప్పుల్ని సరిచూసే రేఖ దాన్ని కొట్టేసి 'గడ్డి' అని మార్చింది. కొట్టేసిన ప్రతి పేరుకూ క్వాలిటీ స్కోర్ తగ్గుతుంది. వరుసగా రెండు వారాలు తొంభై అయిదు కంటే కిందికి పోతే ప్రాజెక్టులోంచి తీసేస్తారు. శ్రీలత లేచి సందీప్ దగ్గరికి వెళ్లింది.

సందీప్ కూకట్‌పల్లి నుంచి వస్తాడు, ఎవరినీ కసరడు. ఫొటో చూసి తల గోక్కున్నాడు. "శ్రీలత గారూ, నాకైతే గడ్డిలాగే ఉందండి. అయినా ఎలుకలు లేవని మనకీ పనిచ్చిన వాళ్లే రాసిచ్చారు కదా. జాబితాలో లేనిది మనం ఎలా పెడతాం?"

"జాబితాల లేకపోతే దీవిల కూడ లేనట్టేనా సందీప్ గారు?"

అతను నవ్వాడు. "మనకిచ్చింది మనం చేద్దామండి. మీ స్కోర్ పడిపోతోంది, చూసుకోండి."

శ్రీలత సీటుకు వచ్చి కూర్చుంది. ఇరవై మూడో కెమెరా ఫొటోలన్నీ తనకే పంపమని అడగడానికి మాత్రం వెనకాడలేదు. అందులో నియమం తప్పేదేమీ లేదు కాబట్టి సందీప్ ఒప్పుకున్నాడు.

శుక్రవారం నాటి ఫొటోల్లో బొరియ బయట గుడ్డు పెంకు పడి ఉంది. పెద్ద పక్షి దాని పక్కనే నిలబడి ఉంది. తర్వాతి ఫొటోలో కూడా అక్కడే ఉంది. ఆ తర్వాతి దాంట్లోనూ అంతే. పద్నాలుగు ఫొటోల పాటు అది కదల్లేదు. నియమం ప్రకారం పెంకు బయట కనిపిస్తే 'పిల్ల పుట్టింది' అని పెట్టాలి. శ్రీలత చేయి మౌస్ మీద అట్లాగే ఉండిపోయింది.

సరిగ్గా ఆ సమయంలోనే ఓదెలు వచ్చాడు. నెలకు రెండు శుక్రవారాలు ఆ టవర్‌లో ఎలుకల పని చూసేది ఆయనే. ఫాల్స్ సీలింగ్‌లో కేబుళ్లు కొరకకుండా, ప్యాంట్రీలో బిస్కెట్లు తినకుండా మూలమూలలా బోన్లు, జిగురు అట్టలు పెట్టి పోతాడు. యాభై దాటిన మనిషి. పెద్దపల్లి వైపు రైసుమిల్లుల్లో ఇరవై ఏళ్లు ఇదే పని చేసి వచ్చాడు. శ్రీలత కనిపిస్తే ఊరి మాటలు రెండు మాట్లాడి పోవడం అలవాటు. ఆ రోజు ఆమె కుర్చీ పక్కనున్న గోడవార అట్ట మార్చడానికి వంగాడు.

బయటివాళ్లకు తెర చూపించకూడదని గోడ మీద ఎర్రక్షరాలతో రాసి ఉంది. ఫోన్లు లాకర్‌లో పెట్టి రావాలి, కాగితం, పెన్ను కూడా లోపలికి రావు. శ్రీలతకు అవన్నీ తెలుసు. తెలిసే పిలిచింది.

"ఓదెలు కాకా, జర ఇటు చూడు. ఈ పెంకు పిల్ల పగలగొట్టుకొని వచ్చిందా, ఎవలన్న కొరికిండ్రా?"

ఓదెలు కళ్లద్దాలు సర్దుకొని ముందుకు వంగాడు. ఎక్కువసేపు చూడలేదు.

"పిల్ల లోపట్నుంచి పొడిస్తే పెద్ద కొన దిక్కు టోపీ లెక్క చుట్టూ పగుల్తది బిడ్డా. ఇది పక్కనుంచి బొక్క వెట్టింది. అంచు సూడు, రంపం వండ్ల లెక్క సన్నగ కొరుకులు. పిట్ట ముక్కుతోని పొడిస్తే గట్ల రాదు. ఇది ఎల్కనే."

"గట్టిగ చెప్తున్నవా?"

"ఎల్కల సంగతి నాకు చెప్పకు. ఎక్కడిది గీ జాగ?"

"చానా దూరం కాకా. సముద్రంల."

"సముద్రంల అయితేంది, ఎల్క ఎల్కనే." ఓదెలు తెర మీద బొరియ మూతిని కాదు, దాని వెనకున్న రాతి అంచును వేలితో చూపించాడు. "నువ్వు నడుమ సూస్తున్నవ్. అది నడుమల నడవది. గోడ వట్టుకొని, రాయి వట్టుకొని నడుస్తది. అంచులు సూడు, దొరుకుతది."

రెండు వరుసల అవతలి నుంచి రేఖ తలెత్తి వాళ్లిద్దర్నీ చూసింది.

ఆ సాయంత్రం దాకా, మళ్లీ శనివారం అదనపు షిఫ్టు అడిగి తీసుకొని, శ్రీలత అంచులే చూసింది. తన వంతుగా వచ్చిన ప్రతి ఫొటోలో పక్షికి బాక్సు గీసి, తర్వాత రాళ్ల వారగా కళ్లు నడిపింది. ఇరవై ఆరో కెమెరాలో రాతి కింద రెండు చుక్కలు మెరిశాయి, కళ్లు. తేదీ జనవరి పదకొండు. ఇరవై మూడులో మళ్లీ తోక, ఈసారి గడ్డి లేని చోట. తేదీ పదిహేడు. పంతొమ్మిదో కెమెరాలో మరో గుడ్డు పెంకు, మళ్లీ పక్కనే బొక్క. తేదీ ఇరవై. రాసుకోవడానికి కాగితం లేదు. కెమెరా అంకెలు, తేదీలు, సమయాలు ఫోన్ నంబర్ల మాదిరి బట్టీ పట్టింది. మెట్రోలో వాటినే గొణుక్కుంటూ వెళ్లింది. కెమెరాలకు ఓడ ఆగే రేవు నుంచి లోపలికి పోయే కొద్దీ అంకె తగ్గుతుందని శిక్షణలో చెప్పిన మాట ఇంటి మెట్లెక్కుతుంటే గుర్తుకొచ్చి, ఉన్నచోటే నిలబడిపోయింది. ఇరవై ఆరు, ఇరవై మూడు, పంతొమ్మిది. ఎలుక రేవు వైపు నుంచి పక్షుల గుంపు నడుమకు పోతోంది.

సోమవారం పొద్దున ఆమె బ్యాగు లాకర్‌లో పెట్టేలోపే మేనేజర్ కామేశ్వరరావు గారు పిలుస్తున్నారన్నారు. గదిలో సందీప్ కూడా ఉన్నాడు. రేఖ రాసిన ఫిర్యాదు బల్ల మీదుంది.

"చూడమ్మా," అన్నాడు కామేశ్వరరావు, గొంతు పెంచకుండానే. "బయటి మనిషికి క్లయింట్ డేటా చూపించావని రాశారు. నిజమేనా?"

"నిజమే సార్."

ఒప్పుకుంటుందని ఆయన అనుకోలేదు. "ఇది ఉద్యోగం పోయే తప్పు. తెలుసు కదా?"

"తెలుసు సార్. తీసేయాలంటే తీసేయండి. కానీ ముందు నేను చెప్పేది నాలుగు నిమిషాలు వినండి."

కుర్చీ చూపించినా కూర్చోకుండా, నిలబడే చెప్పింది. అయిదు ఫొటోల కెమెరా అంకెలు, తేదీలు, సమయాలు ఒక్కటీ తడుముకోకుండా చెప్పింది. సందీప్ ల్యాప్‌టాప్‌లో ఒక్కోటీ తీసి చూశాడు. మెరిసే కళ్లున్న ఫొటో దగ్గర అతని వేళ్లు ఆగిపోయాయి. "సార్, ఇది గడ్డి కాదండి," అన్నాడు మెల్లగా.

"వచ్చే నెల రివ్యూలో అడుగుదాం," అన్నాడు కామేశ్వరరావు. "మనకు చెప్పిన పని పేర్లు పెట్టడం. వాళ్ల దీవి గురించి వాళ్లకే పాఠం చెబితే బాగోదు కదా."

"నెల అంటే అయిపోతది సార్," అంది శ్రీలత. "ఆఫీసు భాష మాటలు నాకు రావు, నా మాటలనే చెప్త. ఆ పిట్ట ఏడాదికి ఒక్కటే గుడ్డు పెడ్తది. రెండు వారాలల్ల పిల్లలొస్తయి. తల్లీ తండ్రీ మేతకని సముద్రం మీదికి పోతే పిల్ల ఒక్కతే ఉంటది బొరియల. అప్పుడు ఎల్కకు అడ్డమే ఉండదు. మూడేండ్లు కష్టపడి చేసిందంతా మళ్ల మొదటికొస్తది. మనకు కనవడ్డది. కనవడ్డంక చెప్పకపోతే తప్పు మనదే."

కామేశ్వరరావు ఫిర్యాదు కాగితాన్ని తిప్పి బోర్లా పెట్టాడు. దాన్ని చించలేదు.

"మెమో ఇస్తాను. అది తప్పదు," అన్నాడు. "బుధవారం వాళ్లతో కాల్ ఉంది. రెండు నిమిషాలు నువ్వే మాట్లాడు. తప్పయితే మాత్రం మన పరువు పోతుందమ్మా."

బుధవారం మధ్యాహ్నం దాకా శ్రీలత తన రెండు నిమిషాల ఇంగ్లిష్‌ను సందీప్‌తో కలిసి పదిసార్లు చెప్పుకుంది. కాల్ మొదలయ్యాక మొదటి వాక్యంలోనే తడబడింది. గుక్క తిప్పుకొని ముందు అంకెలు చెప్పింది. అంకెలు చెప్పడం మొదలెట్టాక గొంతు నిలబడింది. అవతల హెలెన్ అనే శాస్త్రవేత్త ఉంది, దీవి పనంతా చూసేది ఆమే. ఫొటోలు ఒక్కోటీ పెద్దవి చేసి చూసింది.

"ఇది పిల్ల కాదని ఎట్లా అనుకున్నావు?" అని అడిగింది చివరికి.

"ఆ ఫొటో నాటికి పిల్లలు రావడానికి ఇంకా మూడు వారాలుంది మేడమ్."

"మరి పెంకు కొరికిందని?"

కామేశ్వరరావు శ్రీలత వైపు చూసి వద్దన్నట్టు కనుబొమలు కదిపాడు. శ్రీలత చూసింది. అయినా చెప్పింది. "మా ఆఫీసులో ఎలుకలు పట్టే ఆయన ఒకరున్నారు. పేరు ఓదెలు. ఆయన చూసి చెప్పారు."

అవతల పెంకు ఫొటో మళ్లీ తెర మీదికి వచ్చింది. తర్వాత హెలెన్ అంది, "ఆయన చెప్పింది సరైనదే. నేనూ అదే చూస్తున్నాను." కాల్ ముగించకుండానే పక్కనున్నవాళ్లతో దీవికి రేడియో కలపమంటోంది.

ఆ కాలంలో దీవి మీద ఇద్దరు కాపలా ఉద్యోగులున్నారు. వాళ్లు మర్నాడే రేవు నుంచి మైనం దిమ్మలు వరుసగా పాతుకుంటూ పోయారు. ఎలుక ఉంటే మైనాన్ని కొరకకుండా ఉండలేదు. మూడో రోజుకు ఏడు దిమ్మల మీద పంటి గాట్లు దొరికాయి.

హైదరాబాద్‌లో పని తలకిందులైంది. నవంబర్ నుంచి వచ్చిన ఫొటోలన్నీ మళ్లీ చూడాలి, అంచులు మాత్రమే. సందీప్ ఆరుగురిని ఇచ్చి, ఎట్లా చూడాలో నేర్పమని శ్రీలతనే అడిగాడు. ఆ ఆరుగురిలో రేఖ ఉంది. మొదటి రోజంతా ఇద్దరూ ముఖాలు చూసుకోలేదు. మూడో రోజు రేఖ ఆమె కుర్చీ దగ్గరికి వచ్చి నిలబడింది.

"ముప్పై ఒకటో కెమెరా, డిసెంబర్ పదిహేను," అంది. "సామాన్ల ఓడ వచ్చి వెళ్లిన మర్నాడు. పెట్టెల పక్కన చూడండి."

పెట్టె వారగా ఎలుక స్పష్టంగా, పూర్తిగా, మీసాలతో సహా ఉంది. అప్పట్లో ఎవరో దానికి 'రాయి' అని పేరు పెట్టారు.

"ఆ పేరు పెట్టింది నేనేనండి," అంది రేఖ. "ఫిర్యాదు రాసినందుకు మాత్రం సారీ చెప్పను. రూలు రూలే. కానీ ఇది నేను చూడకుండా నొక్కేశాను."

"నేనూ ఎన్ని నొక్కిన్నో," అంది శ్రీలత. "కూర్చోండి, డిసెంబర్ పదహారు చూద్దాం."

ఫిబ్రవరి మొదటి వారంలో బోన్లలో రెండు మగ ఎలుకలు, ఒక ఆడ ఎలుక పడ్డాయి. మైనం మీద కొత్త గాట్లు ఆగిపోయాయి. దీవి మీదివాళ్లు ఊపిరి పీల్చుకున్నారని సందీప్ చెప్పాడు. ఆ మధ్యాహ్నం టవర్ కింద టీ బండి దగ్గర ఓదెలు కనిపిస్తే శ్రీలత పరుగున వెళ్లి చెప్పింది. ఇప్పుడాయన ఫ్లోర్ మీదికి రావాలంటే పక్కన సెక్యూరిటీ మనిషి ఉండాలి. మాటలన్నీ బండి దగ్గరే.

ఓదెలు సంతోషపడలేదు. గ్లాసు పక్కన పెట్టాడు. "ఆడదాని పొట్ట సూసిండ్రా?"

"ఎందుకు కాకా?"

"చన్నులు సాగి, చుట్టూ బొచ్చు ఊడి ఉంటే పాలిస్తున్నట్టు. గట్లుంటే పిల్లలు యాడనో ఉన్నయి. కండ్లు తెరిచి మేతకు వచ్చేటి వయసైతే తల్లి లేకున్నా బతుకుతయి. రెండు మూడు నెలలల్ల అవే పిల్లలు వెడ్తయి. పిట్టలు ఇడిసిన బొరియలల్ల చూడమను. ఎండు గడ్డి గుంజుకవోయిన తొవ్వ దొరుకుతది, అది వట్టుకొని పొమ్మను. బోను కాన్నుంచి దూరం పోయి ఉండది."

శ్రీలత టీ తాగకుండానే లిఫ్టు వైపు నడిచింది. లిఫ్టు ఆలస్యమవుతుందని మెట్లెక్కింది. ఆయాసంతో చెబుతుంటే సందీప్ అక్కడికక్కడే టైపు చేసి పంపాడు. ఈసారి ఎవరినీ అడగలేదు.

రెండు రోజులకు జవాబు వచ్చింది. ఆడ ఎలుక పాలిచ్చేదే. అది పడ్డ బోనుకు ముప్పై అడుగుల దూరంలో, గుడ్డు పోయాక పక్షులు వదిలేసిన బొరియలో, ఎండు గడ్డి పరుపు మీద ఏడు పిల్లలు దొరికాయి. అప్పుడే కళ్లు తెరిచాయి.

ఆ ఏడాది కెమెరాలు పెట్టిన కొండవాలు మీది యాభై ఎనిమిది బొరియల్లో పంతొమ్మిది ఖాళీ అయ్యాయి. మిగిలినవాటిలో పిల్లలు వచ్చాయి. మే నెలలో అవి ఒక్కోటీ కొండ అంచుకు నడిచి, గాలికి రెక్కలు చాచి సముద్రం మీదికి వెళ్లిపోయాయి. పంతొమ్మిది అన్న అంకె విని కొమురమ్మ దాన్ని వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. "జర ముందే చెప్తే విన్నరా మరి వాళ్లు," అంది. "అయినా మిగిలినయి మిగిలినయి. నువ్వయితే చెప్పినవ్."

జాబితాలో పన్నెండో పేరుగా 'ఎలుక' చేరింది. మెమో శ్రీలత ఫైల్లోనే ఉండిపోయింది. ఓదెలుకు హెలెన్ పంపిన ఉత్తరాన్ని సందీప్ తెలుగులో రాసి ఇచ్చాడు. ఓదెలు దాన్ని చదివించుకొని, మడిచి, చొక్కా జేబులో పెట్టుకొని, ఆరో అంతస్తులో బోను మార్చడానికి వెళ్లిపోయాడు.

జూన్‌లో కామేశ్వరరావు ఆమెను పిలిచి, కొత్తగా వస్తున్న కార్ల ప్రాజెక్టుకు టీమ్ లీడ్‌గా వెళ్లమన్నాడు.

"ఈ పక్షులది చిన్న ప్రాజెక్టమ్మా. ఇక్కడే ఉంటే ఎదుగు బొదుగు ఉండదు."

"మళ్లీ రెండేళ్లు ఒక్క గుర్తు కూడా కనపడకపోతేనే ఎలుకల్లేవని అంటారట సార్," అంది శ్రీలత. "ఆ రెండేళ్లు నన్ను ఇందులోనే ఉంచండి. లీడ్ చేస్తానంటే ఇందులోనే చేస్తాను."

"ఒక్క ఎలుక కోసం రెండేళ్లా?"

"ఒక్కటి చాలు కదా సార్."

కామేశ్వరరావు సరే ఆలోచిస్తానన్నాడు. ఆయన ఆలోచన తేలేదాకా ఆగకుండా శ్రీలత సీటుకు వెళ్లింది. దీవిలో చలికాలం మొదలైంది, పక్షులు లేవు, ఖాళీ బొరియలు, మంచు. ఆ రోజు బ్యాచ్‌లో పదహారు వందల ఫొటోలున్నాయి. మొదటిది తెరిచి, రాతి అంచు నుంచి చూడటం మొదలుపెట్టింది.